మూత్రపరీక్షతో క్యాన్సర్ గుర్తింపు: జీవసూచికల పరిధి, రాయలసీమ సందర్భం

వ్యాససంగ్రహం:
మూత్రంలో కనిపించే కొన్ని పదార్థాల ఆధారంగా క్యాన్సర్‌ను పసిగట్టే ప్రయత్నాలకు సుమారు నూట డెబ్బై అయిదేళ్ళ చరిత్ర ఉంది. ఈ పదార్థాలను శాస్త్రజ్ఞులు ‘బయోమార్కర్లు’ అంటారు. తెలుగులో ‘జీవసూచికలు’ అన్న మాట స్థిరపడుతోంది. జీవసూచిక ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదు, ఏ ప్రశ్నకు చెప్పలేదు అన్న విషయాన్ని కర్నూలు, కడప జిల్లాల వాతావరణం, జీవనవిధానం, వాడుకభాషల నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. మూత్రంలో నెత్తురు కనిపించడాన్ని ‘వేడి’గా భావించే అలవాటునూ, పరీక్షకు సంబంధించిన తెలుగుమాటల్లోని అస్పష్టతనూ ఇందులో ప్రత్యేకంగా పరిశీలించాను.

కీలకపదాలు: జీవసూచిక, మూత్రపరీక్ష, రక్తమేహం, జల్లెడపరీక్ష, యల్లాప్రగడ సుబ్బారావు, రాయలసీమ, సుగ్గి.

1. ఉపోద్ఘాతం:

ఒక్క మూత్రపరీక్షతో క్యాన్సర్‌ను గుర్తించవచ్చునన్న వార్త తెలుగుపత్రికల ఆరోగ్యపుటల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ వార్తల్లో ‘గుర్తించడం’ అన్న క్రియ చాలా బరువు మోస్తుంది. ఆరోగ్యంగా తిరుగుతున్నవారిలో ఎవరికి జబ్బు ఉండవచ్చునో ఏరడం, జబ్బు ఉన్నదని అనుమానించిన మనిషికి దానిని రూఢి చేయడం, చికిత్స పొందినవారిలో జబ్బు తిరగబెట్టిందేమో చూడడం - ఈ మూడు వేర్వేరు పనులనూ తెలుగువార్త ఒకే మాటతో చెబుతుంది. వాటిలో ఒకదానికి చక్కగా పనికివచ్చే పరీక్ష మరొకదానికి కీడు చేయవచ్చు. ఈ తేడా తెలియకపోతే వార్త నిజమే అయినా చదివినవాడు పొరబడతాడు.

కర్నూలుకు వైద్యవిద్యలో పాతపేరే ఉంది. 1957లో ఏర్పడిన కర్నూలు వైద్యకళాశాలలో చదివిన నోరి దత్తాత్రేయుడు క్యాన్సర్ చికిత్సలో అంతర్జాతీయ ఖ్యాతి పొందారు. ఇప్పుడు రాష్ట్ర క్యాన్సర్ సంస్థ కూడా కర్నూలులోనే ఉంది. అయినా ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల పల్లెల నుంచీ, కడపజిల్లా మెట్టగ్రామాల నుంచీ ఒక మనిషి ఆ గడప దాకా రావడానికి పట్టే కాలాన్ని దూరం ఒక్కటే నిర్ణయించదు. తనకు కనిపించిన లక్షణానికి ఆ మనిషి ఏ పేరు పెట్టుకున్నాడన్నది కూడా నిర్ణయిస్తుంది.

2. నెత్తురును ‘వేడి’గా చదవడం:

మూత్రాశయ క్యాన్సర్‌లో అన్నిటికంటె ఎక్కువగా కనిపించే తొలిలక్షణం నొప్పి లేకుండా మూత్రంలో నెత్తురు పడడం. రాయలసీమలో మూత్రం ఎర్రగా వచ్చిందంటే మొదట వినిపించే మాట ‘ఉడుకు చేసింది’. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండలో పొలం పనో, బండపనో చేసే మనిషికి నీళ్ళు చాలక మూత్రం చిక్కబడి రంగు మారడం సహజమే కాబట్టి ఈ వివరణ పూర్తిగా అసంగతం కాదు. మజ్జిగ, సబ్జాగింజలు, బార్లీనీళ్ళు, రాగిఅంబలి - ఇంటివైద్యం అక్కడ మొదలవుతుంది.

ఈ వివరణకు శాస్త్రగ్రంథాల వెనుబలం కూడా ఉంది. ఆయుర్వేదం చెప్పిన ఇరవై ప్రమేహాలలో రక్తమేహం ఒకటి. దానిని పిత్తజమైన ప్రమేహాల్లో చేర్చారు. పిత్తం అంటే జనవ్యవహారంలో వేడి. ‘యోగరత్నాకరం’లో చెప్పిన తైలబిందుపరీక్షలో మూత్రంపై నూనెచుక్క వేసి, అది వ్యాపించే తీరునుబట్టి రోగం సాధ్యమో అసాధ్యమో నిర్ణయించేవారు. అంటే మూత్రాన్ని చదవడం మనకు కొత్త కాదు. ఎర్రటి మూత్రాన్ని వేడితో ముడిపెట్టిన ఆ పాతచదువు, వైద్యగ్రంథాలు మరుగునపడిన తర్వాత కూడా వాడుకమాటల్లో నిలిచి ఉందని నా అభిప్రాయం.

చిక్కు ఎక్కడంటే, మూత్రాశయంలోని కంతి నుంచి నెత్తురు ఎడతెగక కారదు. ఒకటి రెండు రోజులు కనిపించి తనంతట తానే ఆగుతుంది. కొన్ని వారాలకో, నెలలకో మళ్ళీ కనిపిస్తుంది. ఈ మధ్యకాలంలో తాగిన మజ్జిగే నెత్తురును ఆపిందని మనిషి నమ్ముతాడు. వైద్యం ప్రతిసారీ ఫలించినట్టే ఉంటుంది. రోగం మాత్రం లోపల పెరుగుతూ ఉంటుంది. నొప్పి లేకపోవడం మరొక మోసం. రాయి ఉంటే నొప్పి ఉంటుంది, మంట ఉంటే చీము ఉంటుంది, ఏదీ లేదు కాబట్టి ఏమీ లేదన్న తర్కం సహజంగానే పుడుతుంది. వైద్యం దృష్టిలో నలభై దాటిన మనిషికి నొప్పిలేని నెత్తురే ఎక్కువ అనుమానించదగినది. ఆ మనిషి బీడీ, చుట్ట, సిగరెట్టు అలవాటున్నవాడైతే అనుమానం మరింత బలపడుతుంది. మూత్రాశయ క్యాన్సర్లలో సుమారు సగానికి పొగాకే కారణమని వైద్యులు చెబుతారు. పొగలోని విషపదార్థాలను నెత్తురు నుంచి వడగట్టి మూత్రపిండాలు మూత్రాశయానికి చేరుస్తాయి. అవి అక్కడ గంటల తరబడి నిలువ ఉంటాయి.

సిగ్గు కూడా ఒక అడ్డంకి. తెలుగులో ‘సెగ’ అన్న మాట మంటనూ, సుఖవ్యాధినీ ఒకేసారి సూచిస్తుంది. మూత్రబాధను నలుగురిలో చెప్పుకుంటే నడవడిని శంకిస్తారన్న భయం పెద్దవయసు మగవారిలో కూడా ఉంది. ఆడవారి విషయంలో నెలసరి నెత్తురుతో కలగాపులగమై అసలు లెక్కలోకే రాదు.

3. మూత్రం ఏమి చెబుతుంది?

నెత్తురు నుంచి వడగట్టిన చిన్న అణువులూ, మూత్రమార్గం పొడవునా రాలిన కణాలూ మూత్రంలో ఉంటాయి. కాబట్టి మూత్రంలోని జీవసూచికలు రెండు దారుల్లో వస్తాయి. మూత్రపిండం, మూత్రనాళం, మూత్రాశయం, ప్రోస్టేట్ గ్రంథి వంటి అవయవాల్లో క్యాన్సర్ ఉంటే దాని కణాలు, ప్రోటీన్లు, డి.ఎన్.ఏ. తునకలు నేరుగా మూత్రంలో కలుస్తాయి. దూరావయవాల క్యాన్సర్ అయితే దాని పదార్థం నెత్తురులో చేరి, మూత్రపిండపు జల్లెడ దాటి రావాలి. రెండవ దారి ఇరుకైనది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌నూ మూత్రాశయ క్యాన్సర్‌నూ మూత్రంతో ఒకే సులువుగా కనుగొనవచ్చునని చెప్పే వార్తను ఈ కారణంగానే కొంచెం ఆగి చదవాలి.

మొట్టమొదటి క్యాన్సర్ జీవసూచిక మాత్రం ఆ ఇరుకుదారిలోనే వచ్చింది. 1845లో లండన్‌లో ఎముకల నొప్పులతో బాధపడుతున్న ఒక వర్తకుని మూత్రాన్ని హెన్రీ బెన్స్ జోన్స్ అనే వైద్యునికి పంపారు. వేడి చేస్తే గడ్డకట్టి, మరిగిస్తే కరిగి, చల్లారితే మళ్ళీ గడ్డకట్టే వింతపదార్థాన్ని అతడు అందులో చూశాడు. అది మల్టిపుల్ మైలోమా అనే మజ్జక్యాన్సర్‌లో పుట్టే ప్రోటీన్. అది ప్రతిరక్షకపు తేలికపాటి గొలుసు అని 1962లో ఎడెల్మన్, గ్యాలీ నిరూపించారు. ఈ పదార్థానికి సంబంధించి మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలకు వర్తించే సంగతి ఒకటుంది. మూత్రంలో ముంచి రంగు చూసే సాధారణ పట్టీ ప్రధానంగా అల్బుమిన్‌నే పట్టుకుంటుంది. బెన్స్ జోన్స్ ప్రోటీన్ ఉన్నా పట్టీ ఏమీ లేదనే చెప్పవచ్చు. జీవితమంతా నడుము వంచి పనిచేసిన వృద్ధుని నడుంనొప్పిని కాయకష్టం ఖాతాలో వేయడం మన దగ్గర మామూలే. దానికి తోడు పట్టీ కూడా ఏమీ లేదంటే మైలోమాను అనుమానించేవారే ఉండరు.

మూత్రపు మడ్డిని గాజుపలకపై పరచి కణాలను చూసే పద్ధతిని పాపనికొలా, మార్షల్ 1945లో వివరించారు. ఉద్ధృతమైన క్యాన్సర్ కణాలను ఇది బాగా పట్టుకుంటుంది. నిదానంగా పెరిగే కంతుల కణాలు ఆరోగ్యకణాల్లాగే ఉండడంవల్ల వాటిని వదిలేస్తుంది. తర్వాత ఎన్.ఎం.పి.22 వంటి ప్రోటీన్ పరీక్షలూ, క్రోమోజోముల మార్పులను రంగులతో చూపే పరీక్షలూ, ప్రోస్టేట్ కోసం పి.సి.ఏ.3 పరీక్షా వచ్చాయి. వీటిలో ఏదీ మూత్రాశయంలోకి గొట్టం పంపి కళ్ళారా చూసే సిస్టోస్కోపీకిగానీ, ముక్క తీసి చేసే పరీక్షకుగానీ పూర్తి ప్రత్యామ్నాయం కాలేదు.

2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన కుక్కల ప్రయోగం ఇక్కడ గుర్తుకు వస్తుంది. శిక్షణ పొందిన కుక్కలు మూత్రపు వాసననుబట్టి మూత్రాశయ క్యాన్సర్ నమూనాను 54 సార్లలో 22 సార్లు సరిగా ఎంచాయి. యాదృచ్ఛికంగా ఎంచితే ఏడింట ఒకటే దొరకాలి. శిక్షణలో ఆరోగ్యవంతునిదనుకున్న ఒక నమూనాను కుక్కలు పట్టుబట్టి చూపగా, ఆ మనిషికి మూత్రపిండంలో క్యాన్సర్ బయటపడింది. మూత్రంలో సమాచారం ఉన్నదనడానికి ఇది చాలు. ఆసుపత్రిలో ఆధారపడడానికి మాత్రం 54లో 22 చాలదు.

4. సుబ్బారావు మందు, మూత్రంలోని హార్మోను:

మూత్రంలోని సూచిక నిజంగా ప్రాణం నిలిపిన ఉదంతం ఒకటుంది. దానితో ఒక తెలుగువానికి సంబంధం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి నెత్తురులోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను రంగునుబట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతికి వారిద్దరి పేర్లే స్థిరపడ్డాయి. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధన నుంచి అమినోప్టెరిన్, దాని వెంట మెథోట్రెక్సేట్ వచ్చాయి. 1948లో ఆయన మరణించారు.

1956లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్‌ను కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ సోకిన స్త్రీలకు ఇచ్చారు. గర్భంలోని మాయకణాల నుంచి పుట్టే ఈ క్యాన్సర్ హెచ్.సి.జి. అనే హార్మోనును విపరీతంగా స్రవిస్తుంది. అది మూత్రంలో కనిపిస్తుంది. మందుతో కంతులు కరిగాయి. ఎక్స్‌రే ఊపిరితిత్తులు బాగున్నాయని చెప్పింది. కాని మూత్రంలో హార్మోను ఇంకా మిగిలి ఉంది. కనిపించని క్యాన్సర్ మిగిలి ఉన్నదని దీని అర్థమని లీ వాదించి, హార్మోను పూర్తిగా మాయమయ్యేదాకా మందు కొనసాగించాడు. కంటికి కనిపించని జబ్బుకు విషప్రాయమైన మందు ఇస్తున్నాడని పైవారు అభ్యంతరపెట్టారు. అతడు ఆ సంస్థను విడవవలసివచ్చింది. హార్మోను మాయమయ్యేదాకా మందు పొందిన స్త్రీలకు జబ్బు తిరగబెట్టలేదని కాలం తేల్చింది. 1972లో అతనికి లాస్కర్ పురస్కారంలో భాగం దక్కింది.

ఆ హార్మోనును పట్టే పరీక్ష ఇవాళ మన పల్లెల్లో ఉంది. ఆశా కార్యకర్త సంచిలోని ‘నిశ్చయ్’ కార్డు చూపేది హెచ్.సి.జి.నే. గర్భం నిలిచిందని చెప్పే ఆ కార్డు ముత్యాలగర్భం తీసివేసిన చాలా వారాల తర్వాత కూడా గీత చూపుతుంటే, అది మళ్ళీ గర్భం కావచ్చు, క్యాన్సర్ సంకేతమూ కావచ్చు. ఎంత ఉన్నదో అంకెల్లో చెప్పే నెత్తురు పరీక్షను వారం వారం చేయించుకొమ్మని వైద్యులు చెప్పేది అందుకే. కర్నూలుజిల్లా పశ్చిమమండలాల కూలికుటుంబాలు పంటపనులు ముగియగానే సుగ్గికి, అంటే గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు, పిల్లాజెల్లాతో తరలిపోతాయి. వారం వారం పరీక్ష అన్న నియమం అక్కడ తెగిపోతుంది. మూత్రాశయ క్యాన్సర్ కంతి తీసినవారికి మొదటి రెండేళ్ళూ మూడునెలలకొకసారి సిస్టోస్కోపీ చేయాలన్న నియమానిదీ అదే గతి. మూత్రంలోని సూచికల వల్ల మన ప్రాంతానికి తక్షణప్రయోజనం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉందని నా నమ్మకం. పనిచోటికి దగ్గరలోని కేంద్రంలో మూత్రం ఇచ్చి, తేడా కనిపించినప్పుడే పెద్దాసుపత్రికి రాగలిగితే ఆ కూలిమనిషికి నష్టపోయే దినాలు తగ్గుతాయి.

5. జల్లెడ, నిర్ధారణ, కనిపెట్టుకొని ఉండడం:

లీ చేసినది మూడవ రకం పని. జబ్బు ఉన్నదని తెలిసిన మనిషిని కనిపెట్టుకొని ఉండడం. అదే సూచికను ఆరోగ్యంగా ఉన్న సమూహంపై ప్రయోగిస్తే ఏమవుతుందో జపాన్ చూసింది. పసిపిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా క్యాన్సర్ కొన్ని రసాయనాలను మూత్రంలోకి వదులుతుంది. 1980ల నడుమ నుంచి జపాన్ దేశమంతటా ఆరునెలల పిల్లల మూత్రాన్ని పరీక్షించింది. చాలా కంతులు దొరికాయి. చికిత్సలూ చేశారు. కాని ఆ దొరికినవాటిలో పెద్దభాగం తమంతట తామే కరిగిపోయే రకానివి. 2002లో కెనడా, జర్మనీ దేశాల అధ్యయనాలు ఈ పరీక్ష మరణాలను తగ్గించడం లేదని చూపాయి. తర్వాత ఒకటి రెండేళ్ళలో జపాన్ దీనిని నిలిపివేసింది. అవసరం లేని శస్త్రచికిత్సకు గురైన శిశువులను లెక్కలో వేసుకోకుండా ‘ఇన్ని క్యాన్సర్లను ముందే గుర్తించాం’ అని చెప్పుకోవడం ఎంత సులువో ఈ ఉదంతం చెబుతుంది.

లెక్క చిన్నదే. పదివేలమందిలో పదిమందికి ఒక క్యాన్సర్ ఉన్నదనుకుందాం. జబ్బున్నవారిలో నూటికి తొంభైమందిని పట్టుకొనే, జబ్బు లేనివారిలో నూటికి తొంభైమందిని సరిగా వదిలేసే పరీక్ష మన దగ్గర ఉన్నదనుకుందాం. జబ్బున్న పదిమందిలో తొమ్మండుగురు దొరుకుతారు. జబ్బులేని 9,990 మందిలో 999 మంది కూడా ‘ఉన్నది’ అన్న జవాబుతో బయటికి వస్తారు. మొత్తం 1,008 మందిలో నిజమైన రోగులు తొమ్మండుగురే, అంటే సుమారు 112 మందికి ఒకరు. మిగిలినవారు కూలి మానుకొని, అప్పుచేసి, ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు. తొంభైశాతం కచ్చితత్వం అన్న పత్రికామాట వెనక ఈ 999 మంది ఉంటారు. అదే పరీక్షను మూత్రంలో నెత్తురు కనిపించి వచ్చిన నలభై దాటిన వారిపై చేస్తే, వారిలో జబ్బు పాలు ఎక్కువ కాబట్టి జవాబు విలువ పెరుగుతుంది. పరీక్ష మారలేదు, అడిగిన ప్రశ్న మారింది.

‘స్క్రీనింగ్’కు కొందరు ‘జల్లెడపరీక్ష’ అని వాడుతున్నారు. మంచిమాట. జల్లెడలో మిగిలినదంతా రాయి కాదని, జారినదంతా పిండి కాదని ఇంట్లో ఆడవారికి తెలుసు. ‘నిర్ధారణపరీక్ష’ అన్న మాటను జల్లెడకు వాడడం మాత్రం మానాలి.

6. ఎండనేల మూత్రం:

విదేశాల్లో తయారైన మూత్రపరీక్షకు ఒక హద్దు నిర్ణయిస్తారు. సూచిక ఆ హద్దు దాటితే అనుమానం. రోజుకు రెండు లీటర్ల మూత్రం పోసే మనిషికీ, ఎండలో పనిచేసి అరలీటరు పోసే మనిషికీ విసర్జించిన సూచిక సమానమే అయినా రెండవవాని మూత్రంలో దాని సాంద్రత నాలుగు రెట్లు ఉంటుంది. దీనిని సవరించడానికి సూచికను క్రియాటినిన్‌తో భాగిస్తారు. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. కండ తక్కువైన వృద్ధునిలో, పోషణ చాలని స్త్రీలో అది తక్కువగా ఉండి, భాగహారం సూచికను ఉన్నదానికంటె ఎక్కువ చేసి చూపుతుంది. ఒక దోషాన్ని దిద్దబోతే మరొకటి వస్తుంది.

రాళ్ళ సంగతి ఇంకొకటి. వేడిప్రాంతాల్లో మూత్రపిండాల్లో రాళ్ళు ఎక్కువగా ఏర్పడతాయి. రాయి గీసుకున్నా, మూత్రమార్గంలో చీము పట్టినా కణాలు రాలి ఎన్.ఎం.పి.22 వంటి సూచికలు పెరుగుతాయి. కాబట్టి చల్లని దేశపు జనంలో నిర్ణయించిన హద్దును కర్నూలు వేసవికి యథాతథంగా తెస్తే తప్పుడు అనుమానాలు పెరుగుతాయి. మన జనంలో, మన ఋతువుల్లో హద్దులను తిరిగి కొలవడం స్థానిక వైద్యకళాశాలలు చేపట్టదగిన పని. దానికి ఖరీదైన యంత్రాలకంటె ఓపిక ఎక్కువ కావాలి.

కడపజిల్లా తుమ్మలపల్లెలో 2012లో యురేనియం శుద్ధికర్మాగారం పనిచేయడం మొదలైన తర్వాత, వ్యర్థాల చెరువు పరిసర గ్రామాలవారు భూగర్భజలాల గురించి ఫిర్యాదులు చేశారు. ఇటువంటి చోట మూత్రంలో యురేనియాన్ని కొలిస్తే శరీరంలోకి అది ఎంత చేరిందో తెలుస్తుంది. అది సంపర్కసూచిక. క్యాన్సర్ ఉన్నదో లేదో చెప్పదు. యురేనియం రసాయనపరంగా మొదట బాధించేది మూత్రపిండాలను. ఈ రెండు ప్రశ్నలనూ కలిపితే భయపడేవారికీ న్యాయం జరగదు, భయం లేదనేవారి మాటనూ పరీక్షించలేం.

7. ‘మొదటి మూత్రం’ అంటే ఏది?

గర్భాశయముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్.పి.వి. వైరస్‌ను మూత్రంలో వెదికే పరీక్షలపై పరిశోధన సాగుతోంది. పరీక్షబల్లపై పడుకోవడానికి సిగ్గుపడే, భయపడే స్త్రీలకు ఇది పెద్ద ఊరట కాగలదు. వైరస్ కనిపించినంతమాత్రాన క్యాన్సర్ కాదన్నదీ, చాలామందిలో అది తనంతట పోతుందన్నదీ ముందే చెప్పాలి. అయితే నమూనా తీసే తీరుపైనే ఈ పరీక్ష నిలబడుతుంది. ఆ తీరును తెలుగులో చెప్పేటప్పుడే పొరపాటు జరిగే అవకాశం ఉంది.

ఈ వైరస్ పరీక్షకు కావలసినది మూత్రం పోయడం మొదలుపెట్టగానే వచ్చే తొలిధార. ముఖద్వారం నుంచి జారిన కణాలను ఆ ధారే కడిగి తెస్తుంది. చీము పరీక్షకు కావలసినది నడిమిధార. అక్కడ తొలిధారను వదిలేయాలి. గర్భపరీక్షకు రాత్రంతా నిలిచి చిక్కబడిన తెల్లవారుజాము మూత్రం మేలు. క్యాన్సర్ కణాలను చూసే పరీక్షకు ఆ తెల్లవారుజాము మూత్రం పనికిరాదు, రాత్రంతా నిలిచిన కణాలు చెడిపోతాయి. ‘మొదటి మూత్రం తీసుకొని రా’ అన్న ఒకే తెలుగువాక్యం తొలిధారకూ, తెల్లవారుజాము మూత్రానికీ రెండింటికీ చెల్లుతుంది. చీము పరీక్షకు తొలిధార వదిలేయమని ఒకసారి నేర్చుకున్న స్త్రీ, వైరస్ పరీక్షకూ శ్రద్ధగా దానినే వదిలేస్తుంది.

ఆరోగ్యకేంద్రాల్లో ఇచ్చే చీటీపై ‘మొదటి’ అన్న విశేషణాన్ని తీసివేసి, ‘పోయడం మొదలుపెట్టగానే వచ్చేది పట్టండి’ అనీ, ‘కొంచెం పోసి ఆపి, తర్వాత వచ్చేది పట్టండి’ అనీ, ‘నిద్రలేచి మొట్టమొదట పోసేది పట్టండి’ అనీ, ‘నిద్రలేచి ఒకసారి పోసిన తర్వాత, రెండవసారి వచ్చేది పట్టండి’ అనీ నాలుగు వేర్వేరు వాక్యాలుగా రాయవచ్చు. చదవలేనివారికి చెప్పేటప్పుడు కూడా ఈ వాక్యాలే పనికివస్తాయి. వాటితోపాటు ఒక ప్రశ్న కూడా చేర్చాలి. ‘ఉడుకు చేసిందా’ అని కాదు, ‘ఎప్పుడైనా, ఒక్కసారైనా, నొప్పి లేకుండా ఎర్రగా పోయిందా’ అని.